ఇంజనీరింగ్ విద్యార్థులకు విదేశీ చదువు: దేశం కన్నా ముందు సిలబస్ చూడండి

విదేశంలో చదవాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులు తరచుగా ముందు దేశాన్ని, ఆ తరువాత ర్యాంకును, చివరకు కోర్సును ఎంచుకుంటారు. ఈ వరుసను తిరగేయడం మేలు. ఇప్పటి వరకు మీరు చదివిన సబ్జెక్టులు ఏ కోర్సులో చేరడానికి సరిపోతాయో తేల్చుకుంటే, ఏ దేశానికి వెళ్లాలన్న ప్రశ్న సగం దానంతట అదే తేలిపోతుంది.

డిగ్రీ పూర్తయ్యే వరకు ఆగవలసిన పని లేదు. మీ కళాశాలకు ఏదైనా విదేశీ విశ్వవిద్యాలయంతో మార్పిడి ఒప్పందం ఉంటే, ఒక సెమిస్టర్ అక్కడ చదవవచ్చు. చాలా ఒప్పందాలలో ట్యూషన్ ఫీజును సొంత కళాశాలకే చెల్లిస్తారు. ఇక్కడ జాగ్రత్త పడవలసినది క్రెడిట్ల విషయంలో. యూరప్‌లోని ఈసీటీఎస్ పద్ధతిలో పూర్తి విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క. అక్కడ చదవబోయే ప్రతి సబ్జెక్టు ఇక్కడి ఏ సబ్జెక్టుకు బదులుగా చెల్లుతుందో, ఎన్ని క్రెడిట్లు బదిలీ అవుతాయో బయలుదేరే ముందే విభాగాధిపతి సంతకంతో రాయించుకోవాలి. నోటి మాటను నమ్మి వెళ్లిన విద్యార్థి తిరిగి వచ్చాక అదే సబ్జెక్టును మళ్లీ రాయవలసి వస్తే, ఆరు నెలల కష్టం వృథా అవుతుంది.

వేసవి పరిశోధన ఇంటర్న్‌షిప్‌లు మరో మార్గం. జెనీవాలోని కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ నడిపే వేసవి విద్యార్థి కార్యక్రమం భౌతికశాస్త్రం చదివేవారికి మాత్రమేనని చాలామంది అనుకుంటారు గాని, కంప్యూటింగ్, ఇంజనీరింగ్ విద్యార్థులనూ తీసుకుంటుంది. 8 నుంచి 13 వారాలు సాగే ఆ కాలానికి భత్యం కూడా ఇస్తుంది. కెనడాలో మైటాక్స్ గ్లోబలింక్ అనే పరిశోధన ఇంటర్న్‌షిప్ కార్యక్రమం కింద ఎంపికైన డిగ్రీ విద్యార్థి 12 వారాల పాటు ఒక ఆచార్యుని పర్యవేక్షణలో పనిచేస్తాడు. 1948లో మొదలైన ఐఏఈఎస్‌టీఈ అనే అంతర్జాతీయ విద్యార్థి మార్పిడి సంస్థ సాంకేతిక విద్యార్థులకు వేతనంతో కూడిన శిక్షణను విదేశీ సంస్థలలో ఏర్పాటు చేస్తుంది. వీటిలో ఏ దేశపు విద్యార్థులు, ఏ సంవత్సరంలో ఉన్నవారు అర్హులన్నది కార్యక్రమాన్ని బట్టి మారుతుంది గనుక, అర్హత నిబంధన చదివాకే మిగతా పత్రాలపై సమయం వెచ్చించండి.

ఇలాంటి అవకాశాలు లేని చోట ఆచార్యులకు నేరుగా ఈమెయిల్ రాయవచ్చు. ‘మీ పరిశోధన నాకు ఎంతో ఆసక్తి కలిగించింది’ అన్న వాక్యం ఎవరికైనా పంపవచ్చు గనుక, దానికి జవాబు రావడం అరుదు. దానికి బదులు ఇలా రాయండి: ‘బేరింగ్ లోపాలను కంపనాల ద్వారా గుర్తించే ప్రాజెక్టును మూడో సంవత్సరంలో చేశాను. వేగం స్థిరంగా ఉన్నప్పుడు ఫోరియర్ విశ్లేషణ చక్కగా పనిచేసింది. వేగం మారినప్పుడు మాత్రం శిఖరాలు చెదిరిపోయాయి. మీ పేపర్‌లోని ఆర్డర్ ట్రాకింగ్ పద్ధతిని నా డేటాపై ప్రయత్నించాలని ఉంది.’ ఈ నాలుగు వాక్యాలు రాయాలంటే ఆ పేపర్‌ను నిజంగా చదివి ఉండాలి, మీ ప్రాజెక్టు ఎక్కడ విఫలమైందో మీకు తెలిసి ఉండాలి. చదివే ఆచార్యులు పట్టించుకునేది దాన్నే.

మాస్టర్స్ విషయానికి వస్తే, మాడ్యూల్ హ్యాండ్‌బుక్ అనే పత్రం చాలా ముఖ్యం. ఐరోపా విశ్వవిద్యాలయాలు, ముఖ్యంగా జర్మనీలోనివి, ప్రతి సబ్జెక్టు వివరాలతో దీన్ని ప్రచురిస్తాయి. గణితంలో ఇన్ని క్రెడిట్లు, కంట్రోల్ సిస్టమ్స్‌లో ఇన్ని కావాలంటూ కోర్సుల ప్రవేశ నిబంధనలూ స్పష్టంగా ఉంటాయి. మెకానికల్ చదివి రోబోటిక్స్‌లో చేరాలనుకునే విద్యార్థికి ప్రోగ్రామింగ్ క్రెడిట్లు తక్కువైతే, మొత్తం మార్కులు ఎంత బాగున్నా దరఖాస్తు ఆగిపోవచ్చు. ఇంకా చదువులోనే ఉంటే, ఆ లోటును ఎలక్టివ్‌లతో పూడ్చుకునే వీలుంది. అందుకే ఈ పరిశీలన రెండో సంవత్సరంలోనే జరగాలి. మార్కుల పట్టికలో ‘ఇంజనీరింగ్ సైన్స్ 3’ అని మాత్రమే ఉంటే, అందులో థర్మోడైనమిక్స్ నేర్పారని దరఖాస్తు చదివేవారికి తెలియదు. ప్రతి సబ్జెక్టు సిలబస్, బోధన గంటలు, పాఠ్యపుస్తకాల పేర్లతో ఒక పత్రం తయారు చేసి కళాశాల ముద్ర వేయించి ఉంచుకోండి.

మార్కుల మార్పిడి కూడా అర్థం చేసుకోవాలి. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 ఉత్తీర్ణతకు చివరి హద్దు. ఇతర దేశాల మార్కులను జర్మన్ మార్కులుగా మార్చే సవరించిన బవేరియన్ సూత్రం ప్రకారం, గరిష్ఠ మార్కులోంచి మీ మార్కును తీసివేసి, గరిష్ఠ మార్కుకూ ఉత్తీర్ణత మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో హెచ్చించి, 1 కలపాలి. పదికి 8.2 వచ్చిన విద్యార్థికి ఉత్తీర్ణత మార్కు 4 అయితే ఫలితం 1.9; అదే 5 అయితే 2.08. కోర్సు కనీస అర్హత 2.0 అయినప్పుడు, ఉత్తీర్ణత మార్కు ఎంతో తెలిపే ఒక్క ధ్రువపత్రం ఎంత తేడా తేగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఖర్చు విషయంలో దేశాల మధ్య తేడా చాలా ఉంది. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఎక్కువ భాగం ట్యూషన్ ఫీజు వసూలు చేయవు. అయితే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల వద్ద సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. ఐరోపా సమాఖ్య నిధులతో నడిచే ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్‌లో కనీసం రెండు దేశాలలో చదువుతారు. స్కాలర్‌షిప్ దక్కితే నెలకు 1,400 యూరోలు అందుతాయి. అమెరికాలో పరిశోధన, బోధన సహాయకులకు ఇచ్చే ఆర్థిక సాయం ప్రధానంగా పీహెచ్‌డీ విద్యార్థులకు వెళుతుంది గనుక, మాస్టర్స్‌కు ఆ సాయం వస్తుందన్న ఆశతో అప్పు చేయడం ప్రమాదకరమని నేను గట్టిగా చెబుతాను. పరిశోధనపై నిజమైన ఇష్టం ఉన్నవారు బ్యాచిలర్స్ తరువాత నేరుగా అక్కడి పీహెచ్‌డీకే దరఖాస్తు చేయవచ్చు. జర్మనీ, నెదర్లాండ్స్ వంటి చోట్ల పీహెచ్‌డీని చాలా వరకు జీతంతో కూడిన ఉద్యోగంగానే చూస్తారు, కాని దానికి ముందు సాధారణంగా మాస్టర్స్ ఉండాలి.

లైసెన్సు అవసరమైన వృత్తిలో, ఉదాహరణకు సివిల్ ఇంజనీరింగ్‌లో, స్థిరపడదలచినవారు 1989లో కుదిరిన వాషింగ్టన్ ఒప్పందాన్ని గమనించాలి. సభ్య దేశాల గుర్తింపు సంస్థలు పరస్పరం ఆమోదించేది గుర్తింపు పొందిన ఇంజనీరింగ్ డిగ్రీ కార్యక్రమాలనే గనుక, ఒప్పందంలో దేశం ఉంటే చాలదు. మీ కోర్సుకు, మీరు చదివిన సంవత్సరాలకు ఆ గుర్తింపు ఉండాలి.

సన్నాహాలను చేరే తేదీకి ఏడాదిన్నర ముందే మొదలుపెట్టండి. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ ఫలితాలు రెండేళ్లు, జీఆర్ఈ ఫలితం ఐదేళ్లు చెల్లుతాయి. సిఫారసు లేఖ కోరేటప్పుడు మీ ప్రాజెక్టు నివేదికను కూడా అధ్యాపకునికి ఇవ్వండి. ‘కష్టపడే విద్యార్థి’ అని మాత్రమే రాసిన లేఖ కన్నా, ఏ సమస్యను ఎలా పరిష్కరించారో చెప్పే లేఖకు బరువెక్కువ.

ఆఫర్లు వచ్చాక తొందరపడవద్దు. అమెరికాలో ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్లకు ఏప్రిల్ 15 కంటే ముందు జవాబు అడగకూడదన్న ఒప్పందంపై చాలా విశ్వవిద్యాలయాలు సంతకం చేశాయి. ఇచ్చిన వ్యవధిలో అక్కడి ప్రస్తుత విద్యార్థులతో మాట్లాడి, సాయం ఎన్ని సెమిస్టర్లకు వర్తిస్తుందో లిఖితపూర్వకంగా తెలుసుకోండి. వీసా అపాయింట్‌మెంటును మాత్రం, చేరవలసిన చోటు ఖాయమైన రోజే వెతకడం మొదలుపెట్టండి.