ఆర్థిక చక్రాలు చదవడం – 4వ భాగం: అప్పు చేసే పని

పోయిన భాగంలో వృద్ధి రేటు గ్రాఫు మీద ఎత్తుపల్లాలు గుర్తించాం. ఇప్పుడు కారణం పట్టుకోవాలి. ఆ ఏడాది పేపర్లో వచ్చిన పెద్ద వార్తనే కారణం అనుకుని చాలామంది ఆగిపోతారు. మీరు రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి. దెబ్బ ఎక్కడ తగిలింది? అది అంతకాలం ఎందుకు మానలేదు?

మన దేశాన్నే చూద్దాం. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడుల బ్యాంకు దివాలా తీసింది. మన ఎగుమతులు పడిపోయాయి, విదేశీ డబ్బు వెనక్కి పోయింది. రిజర్వ్ బ్యాంకు 9 శాతం ఉన్న రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వేసే వడ్డీని) 2009 ఏప్రిల్‌కల్లా 4.75కి దించింది. కేంద్రం పన్నులు తగ్గించింది. వృద్ధి త్వరగానే కోలుకుంది. మరి 2012 తర్వాత పెట్టుబడులు ఏళ్ల తరబడి ఎందుకు లేవలేదు? జవాబు 2008కి ముందటి మంచి రోజుల్లోనే దొరుకుతుంది.

2003-08 మధ్య గిరాకీ ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్న ధీమాతో కంపెనీలు కరెంటు, ఉక్కు, రోడ్ల కోసం విపరీతంగా అప్పు చేశాయి, బ్యాంకులూ అదే ధీమాతో ఇచ్చాయి. మన గోదావరి తీరంలోనే చూడండి. 2009 ఏప్రిల్‌లో కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో సముద్రం అడుగున ఉన్న డీ6 గ్యాస్ క్షేత్రం నుంచి గ్యాస్ రావడం మొదలైంది. ఆ గ్యాస్‌ని నమ్ముకుని వేమగిరి, సామర్లకోట దగ్గర పవర్ ప్లాంట్లు కట్టారు. ఒకటి రెండేళ్లకే ఉత్పత్తి పడిపోవడం మొదలై, 2013కల్లా ప్లాంట్లకు ఆ గ్యాస్ ఆగిపోయింది. టర్బైన్లు కొత్తవే, ఇంధనం లేదు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది. పైగా ధరలను అదుపు చేయడానికి 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా రిజర్వ్ బ్యాంకు రేట్లు 13 సార్లు పెంచింది.

ఇక్కడి నుంచి గొలుసు జాగ్రత్తగా పట్టుకోండి. ప్లాంటు తిరగకపోతే కంపెనీ వాయిదా కట్టలేదు. బ్యాంకు పాత బాకీ తీరినట్టు చూపించడానికి కొత్త అప్పు ఇస్తుంది. బయటకి అంతా బాగున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం బ్యాంకు డబ్బు అక్కడే ఇరుక్కుపోయి, ఏ తప్పూ చేయని చిన్న ఫ్యాక్టరీ యజమానికి అప్పు పుట్టదు. 2015లో రిజర్వ్ బ్యాంకు, బ్యాంకులిచ్చిన పెద్ద అప్పుల ఖాతాలు తిరగేయించాక గానీ అసలు సంగతి బయటపడలేదు. 2018 మార్చికి మొండి బాకీలు (వాయిదాలు కట్టకుండా ఆగిపోయిన అప్పులు) బ్యాంకులిచ్చిన మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. నా దృష్టిలో గ్యాస్ ఆగడం కన్నా, బాకీల్ని అన్నేళ్లు దాచడమే ఎక్కువ నష్టం చేసింది.

అభ్యాసం: 1979-80లో కరువు, చమురు ధరలు కలిసొచ్చి జీడీపీ దాదాపు 5 శాతం తగ్గింది. మరుసటి ఏడాదే 7 శాతం దాకా పెరిగింది. అంత పెద్ద దెబ్బ అంత త్వరగా ఎలా మానింది? అప్పట్లో ఎవరి మీద ఎంత అప్పు ఉందో చూసి, జవాబు రాసి పెట్టుకోండి. 5వ భాగం అక్కడి నుంచే మొదలవుతుంది.