స్పేస్‌షిప్ మోడల్ కెమెరాలో తేడా కొడుతోందా? లక్షణం, కారణం, రిపేరు

"టేబుల్ మీద బ్రహ్మాండంగా ఉందండీ, మానిటర్‌లోకి వచ్చేసరికి ఏదో తేడా కొడుతోంది." సిరీస్‌ల కోసం స్పేస్‌షిప్ మోడళ్లు చేసేవాళ్ల దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లు ఇంచుమించు ఇలాగే మొదలవుతాయి. నేను అడిగేది ఒకటే: "కెమెరాలో మొదటిసారి ఎప్పుడు చూశారు?" అవతల కాసేపు మౌనం. ఆ తర్వాత, "ఇవాళే, సెట్‌లో."

సన్‌బోర్డు కోయడం, పీవీసీ గొట్టాలు అతకడం, పుట్టీ పెట్టి ఎమరీ పేపరు కొట్టడం, ప్రైమర్ స్ప్రే చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. వచ్చినవాళ్లు కూడా ఎగ్గొట్టే పని ఒకటుంది. ఫోన్‌ని స్టాండుకి బిగించి, షాట్‌లో కెమెరా ఉండే ఎత్తులో, అంతే దూరంలో పెట్టి, గది లైట్లు ఆర్పి, ఓడ లైట్లు షాట్‌లో ఎంత వెలగాలో అంతే వెలిగించి చూడటం. బాడీ నిలబడ్డాక ఒకసారి, ప్రైమర్ తర్వాత ఒకసారి, రంగు అయ్యాక ఒకసారి. ఇది చేయకుండా కింద రాసిన రిపేర్లు ఎన్ని చేసినా చీకట్లో తడుముకోవడమే.

ఓడ బొమ్మలా కనిపిస్తోంది

ముందు ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే కన్నం) చూడండి. రంగు మార్చకండి, ఇంకో నాలుగు ముక్కలు అతికించకండి. ముక్కు స్పష్టంగా ఉండి తోక మసకగా ఉంటే చాలు, ఎంత బాగా చేసినా అది అరచేతిలో పట్టే వస్తువని చూసేవాడికి తెలిసిపోతుంది. ఆ కన్నాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్16కో ఎఫ్22కో వెళ్లండి. అక్కడ వెలుగు చాలదు కాబట్టి ఫ్రేముకి అర సెకనో సెకనో ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. అంటే ఓడని స్టాండు మీద కదలకుండా బిగించి, కెమెరాని స్లైడర్ మీద ఫ్రేము ఫ్రేముకీ జరపాలి. 1970ల నుంచి మోషన్ కంట్రోల్ అంటున్నది స్థూలంగా ఇదే: కదిలేది కెమెరా, ఓడ కాదు.

తర్వాత కిటికీలు. ఇక్కడ లెక్క వేయకుండా పని చేసేవాళ్లే ఎక్కువ. 'స్టార్ ట్రెక్' మొదటి సిరీస్‌లోని ఎంటర్‌ప్రైజ్‌నే తీసుకోండి. కథలో దాని పొడవు 947 అడుగులు. 1964లో కట్టిన పెద్ద మోడల్ 11 అడుగుల పైచిలుకు. అంటే స్కేలు దాదాపు 85కి 1. ఆ ఓడలో ఆరడుగుల మనిషి 21 మిల్లీమీటర్లే ఉంటాడు. మూడడుగుల కిటికీ 11 మిల్లీమీటర్లు. అంత పెద్ద మోడల్ మీదే 11 మిల్లీమీటర్లయితే, మీ మూడడుగుల మోడల్‌కి ఎంత ఉండాలో చూసుకోండి. మీరు కిటికీని రెండింతలు చేస్తే ఓడ సగానికి కుంచించుకుపోయినట్టే. చేతికి దొరికిన డ్రిల్ బిట్ సైజే కిటికీ సైజు అయిపోతోంది, అదీ బాధ.

ప్యానెల్ గీతల విషయమూ అంతే. ఎంటర్‌ప్రైజ్ ముందుభాగంలోని గుండ్రటి పళ్లెం మీది గళ్లు పెన్సిల్‌తో గీసినవి. మోడల్ 1974లో స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. 1991లో బాగుచేసినప్పుడు ఆ గీతలు, షేడింగ్ ముదురుగా పడ్డాయని అభిమానులు చాలాకాలం గొణిగారు. 2016లో పూర్తయిన మరమ్మతుకి పళ్లెం పైభాగాన మిగిలి ఉన్న అసలు రంగునే కొలమానంగా పెట్టుకున్నారు. మీ చేతిలో నల్ల మార్కర్ ఉంటే పక్కన పెట్టేసి హెచ్‌బీ పెన్సిల్ తీసుకోండి.

ఇంకో మాట. ఓడంతా ప్లాస్టిక్ కిట్ ముక్కలు అతికిస్తేనే పెద్దదిగా కనిపిస్తుందన్నది అన్ని ఓడలకూ పనికొచ్చే సూత్రం కాదు. ఎంటర్‌ప్రైజ్ గీసిన మ్యాట్ జెఫ్రీస్ విమానాల మనిషి. రిపేర్లు లోపలినుంచే చేసుకునేలా ఉండాలని యంత్రాలన్నీ లోపలే ఉంచి, పైచర్మం నున్నగా వదిలేశాడు. ఆ నున్నటి ఓడే ఇన్నేళ్లుగా నిలబడింది.

బాడీలోంచి వెలుగు కారుతోంది

కిటికీలతో పాటు గోడ కూడా ఎర్రగానో తెల్లగానో వెలుగుతోందంటే సన్‌బోర్డు, ప్రింటు చేసిన ప్లాస్టిక్, పలచటి ప్రైమర్ వెలుగుని ఆపట్లేదన్నమాట. లోపల ముందు నల్ల స్ప్రే, అది ఆరాక దానిమీద తెల్ల స్ప్రే. నలుపు వెలుగుని ఆపుతుంది, తెలుపు లోపలే తిప్పి కిటికీలకి పంపుతుంది. అతుకుల దగ్గర అల్యూమినియం టేపు. మూత మూసేముందు చీకట్లో ఒక్కసారి చూస్తే పది నిమిషాల పని. మూసి, పుట్టీ పెట్టి, రంగేశాక చూస్తే రంపం తీయాలి.

కిటికీలు మినుకుమంటున్నాయి, తెర మీద నల్ల చారలు పాకుతున్నాయి

అందర్నీ ఏడిపించేది ఇదే. కంటికి కిటికీలు నిలకడగా వెలుగుతుంటాయి. మానిటర్‌లో మాత్రం ఓడ మీద అడ్డంగా చారలు, మెల్లగా పైకో కిందికో జరుగుతూ. ఒక్కోసారి చారలుండవు, కిటికీల వరస మొత్తం ఫ్రేము ఫ్రేముకీ ఎక్కుతూ తగ్గుతూ ఉంటుంది.

ఇక సెట్‌లో హడావుడి చూడాలి. ఒకరు కెమెరా మార్చమంటారు, ఒకరు జనరేటర్ మీద పడతారు, ఇంకొకరు లెన్స్ ఊడదీస్తారు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమన్నట్టు. ఎవరూ చేయని పని: సెట్ లైట్లన్నీ ఆర్పి ఓడ లైట్లు మాత్రం ఉంచి చూడటం. చారలు పోయాయా, తప్పు సెట్ లైట్లది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సేపు) సెకనులో 1/50కో 1/100కో పెట్టమని కెమెరామన్‌కి చెప్పి మీరు టీ తాగండి. చారలు ఉండిపోయాయా, తప్పు ఓడలోనే ఉంది. దాదాపు ప్రతిసారీ అది ఎల్‌ఈడీది కాదు, డిమ్మర్‌ది.

బజారులో చవగ్గా దొరికే డిమ్మర్ వోల్టేజీ తగ్గించదు. కరెంటుని సెకనుకి కొన్ని వందలసార్లు ఆర్పి వెలిగిస్తుంది. నాబ్ తగ్గించారంటే వెలిగి ఉండే సేపు తగ్గి, ఆరి ఉండే సేపు పెరుగుతుంది. పీడబ్ల్యూఎం అంటే అదే. కన్ను ఆ ముక్కలన్నీ కలిపేసుకుని 'మసకగా ఉంది' అనుకుంటుంది. కెమెరా అలా అనుకోదు. సెన్సర్ బొమ్మని పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది, ఏ వరస వంతు వచ్చినప్పుడు ఎన్ని వెలుగులు పడితే ఆ వరసకి అంతే.

లైట్లని ప్రోగ్రాముతో నడిపే ఆర్డునో బోర్డులో మామూలుగా ఈ ఆర్పి వెలిగించడం 490 హెర్ట్జ్. షట్టర్ 1/50 అయితే ఒక్కో వరసకి 9.8 వెలుగులు. అంటే కొన్ని వరసలకి పది, కొన్నింటికి తొమ్మిది. నాబ్ బాగా తగ్గించి ఉంటే ఆ ఒక్క వెలుగు తేడా పదో వంతు వెలుతురు. లేత చారలు అక్కణ్నుంచే. షట్టర్ 1/1000కి వెళ్లారా, కొన్ని వరసలకి ఒక వెలుగు, కొన్నింటికి అసలు లేదు. చార నల్లగా, కత్తితో కోసినట్టు వస్తుంది.

ఇది దొంగజబ్బు అనడానికి రెండు కారణాలు. ఒకటి, నాబ్ పూర్తిగా పెంచి ఉంచితే ఆర్పడం అనేదే లేదు, కరెంటు తెగకుండా పోతుంది. ఇంట్లో అందరూ పరీక్షించేది ఫుల్ మీదే, అందుకే ఏమీ బయటపడదు. సెట్‌కి వచ్చాక కెమెరామన్ "కిటికీలు బ్లో అవుతున్నాయి, కాస్త తగ్గించండన్నా" అంటాడు, అంటే వెలుగెక్కువై తెల్లగా పేలిపోతున్నాయని. మీరు నాబ్ తిప్పుతారు. చార అక్కడ పుడుతుంది. వెలుగు తగ్గించే నాబ్ మీద ఎవరికి అనుమానం వస్తుంది?

రెండోది ఇంకా పాడుది. ఫ్రేము ఫ్రేముకీ సెకను ఎక్స్‌పోజర్‌తో తీసే షాట్లలో ఒక్కో వరసకి 490 వెలుగులు పడతాయి. ఒకటి ఎక్కువైనా తక్కువైనా ఎవరికీ కనిపించదు. మోషన్ కంట్రోల్ షాట్లన్నీ శుభ్రంగా వచ్చేస్తాయి. ఆఖర్న దర్శకుడు కెమెరా భుజాన వేసుకుని ఓడ పక్కనుంచి ఒక షాట్ తీద్దామంటాడు, చారలు. "నిన్నటిదాకా బాగుంది, ఎవరో ఏదో చేశారు" అని లోపలి వైర్లన్నీ పీకిన ఓడని నా దగ్గరికి మోసుకొచ్చారు ఒక యూనిట్ వాళ్లు. ఎవరూ ఏమీ చేయలేదు. మారింది షట్టర్ ఒక్కటే.

పట్టుకోవడం తేలిక. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ తెరిచి షట్టర్ 1/1000 పెట్టి, ఐఎస్ఓ పెంచి, కిటికీలు తెర నిండేంత దగ్గరికి వెళ్లండి. నాబ్ ఫుల్‌లో చూడండి, సగానికి తెచ్చి చూడండి, పావుకి తెచ్చి చూడండి. ఫుల్‌లో శుభ్రంగా ఉండి, తగ్గించేకొద్దీ నల్ల చారలు వెడల్పవుతుంటే ఇంక వేరే వెతకక్కర్లేదు. ఫోన్‌లో ప్రో మోడ్ లేకపోతే, అదే డిమ్మర్‌కి ఒక విడి ఎల్‌ఈడీ ముక్క తగిలించి, చీకట్లో వైరు పట్టుకుని గిర్రున తిప్పండి. వెలుగు గీత తెగకుండా వస్తే మంచిదే. చుక్కలు చుక్కలుగా పడితే డిమ్మర్ తీసి అవతల పెట్టండి.

దాని బదులు పెట్టాల్సింది వోల్టేజీ తగ్గించే బోర్డు. ఎల్‌ఎం2596 చిప్పు ఉన్న చిన్న బోర్డు, పైన ఇత్తడి స్క్రూ ఉంటుంది, చవకే. అది కూడా లోపల స్విచింగే, కానీ 150 కిలోహెర్ట్జ్ దగ్గర, పైగా బయటికి ఇచ్చేముందు కాయిల్, కెపాసిటర్ కలిసి దాన్ని నున్నగా చేసేస్తాయి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. కౌంటర్లో "డిమ్మర్" అని మాత్రం అడగకండి, మళ్లీ పాతదే చేతిలో పెడతారు. "వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్" అనండి.

12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలు, ఒక రెసిస్టర్ వరసగా ఉంటాయి. ఒక్కో తెల్ల ఎల్‌ఈడీకి మూడు వోల్టుల దాకా కావాలి కాబట్టి ఎనిమిది వోల్టుల దగ్గరికి వచ్చేసరికి ఇంచుమించు ఆరిపోతుంది. మీ ఆటంతా 8కీ 12కీ మధ్యనే. స్క్రూని కొద్దికొద్దిగా తిప్పండి. ఎల్‌ఎం317తో కూడా చేయొచ్చు, కానీ తనకే రెండు వోల్టుల దాకా మింగుతుంది, మిగిలినదంతా వేడి చేస్తుంది. 15 వోల్టుల నుంచి 9కి తెచ్చి ఒక ఆంపియర్ లాగితే ఆరు వాట్ల వేడి. హీట్ సింక్ లేకుండా, అందులోనూ ఓడ కడుపులో, పెట్టే వస్తువు కాదది.

లైట్లు మినుకుతూ పెరుగుతూ తగ్గుతూ ఉండాలని ఆర్డునో పెట్టుకున్నవాళ్లు 9, 10 పిన్నుల టైమర్ సెట్టింగ్ మారిస్తే 31 కిలోహెర్ట్జ్‌కి వెళ్లొచ్చు. ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వెలుగు ద్వారా దాటించే చిప్పు) ఉన్న చవక మాస్‌ఫెట్ (కరెంటుని తెరిచి మూసే ట్రాన్సిస్టర్) మాడ్యూళ్లు ఆ వేగాన్ని చాలావరకు అందుకోలేవు, లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్‌ని నేరుగా వాడండి. డబ్ల్యూఎస్2812 లాంటి రంగులు మారే స్ట్రిప్‌లయితే ఆర్పి వెలిగించేది ఎల్‌ఈడీ లోపలే ఉంటుంది, చాలావాటిలో 400 హెర్ట్జ్ దరిదాపుల్లో. దాన్ని మీరేం చేయలేరు. ఏపీఏ102 స్ట్రిప్ కొనండి, అది 20 కిలోహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. అప్పటికే అతికించేసి మూసేశారా? ఫుల్ తెలుపులో వెలిగించి, కిటికీల మీద బయటినుంచి పొగరంగు ఫిల్మ్ ముక్కలు వేయండి. చూడటానికి చాదస్తంగా ఉన్నా షాట్ బతుకుతుంది.

పాతకాలం ఓడలకి ఈ బెడద లేదు. ఎంటర్‌ప్రైజ్ ఇంజిన్ గొట్టాల ముందున్న గుండ్రటి టోపీల్లో క్రిస్మస్ బల్బులు, మోటారుతో తిరిగే రెక్కలు, అద్దం ముక్కలు ఉండేవి. ఫిలమెంట్ బల్బు అంత త్వరగా చల్లారదు కాబట్టి చారలు రావు. బదులుగా వేడి. ఆ ఓడ వైర్లు ఎడమవైపునుంచి బయటికి వచ్చేవి, అందుకే కుడివైపు నుంచే షూట్ చేసేవారు. మీరూ అలాగే, కెమెరాకి కనబడని పక్క ఏదో దర్శకుడితో ముందే తేల్చుకుని అక్కడ ఒక మూత పెట్టుకోండి. డిమ్మింగ్ బోర్డు మాత్రం ఓడ బయటే ఉండాలి.

గ్రీన్ మ్యాట్ (వెనకున్న పచ్చ తెర) తీసేస్తే ఓడకి కన్నాలు పడుతున్నాయి

మెరిసే రంగు. పచ్చ తెర ఓడ పొట్ట మీద ప్రతిఫలిస్తోంది, సాఫ్ట్‌వేర్ అదీ తెరే అనుకుని కోసేస్తోంది. మెరుపు లేని వార్నిష్ కొట్టండి, తెరని వీలైనంత వెనక్కి జరపండి. అసలు రాత్రి ఆకాశమే వెనక కావాలంటే పచ్చ తెర ఎందుకు? నల్ల తెర ముందు ఓడని ఒకసారి తీసి, స్లైడర్‌ని మళ్లీ అదే దారిన పంపి ఓడ లైట్లు ఆర్పి, వెనక తెల్ల తెరకి మాత్రం లైటేసి నల్ల నీడగా ఇంకోసారి తీయండి. ఆ నీడే మీ మ్యాట్, అంటే ఓడని వెనకనుంచి విడదీసే అచ్చు.

ఇంజిన్ గొట్టాలు వంగిపోతున్నాయి

పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో 3డీ ప్రింటు చేశారా? అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఏప్రిల్, మే ఎండలో తలుపులు మూసిన కారు లోపల అంతకీ తక్కువుండదు, సెట్‌లో పెద్ద లైటు దగ్గరా అంతే. లోపల అల్యూమినియం గొట్టం ఒకటి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఉండాలి, బరువు మోసేది అదే కావాలి. స్టాండు బిగించేది కూడా ఆ గొట్టానికే, ప్లాస్టిక్‌కి కాదు.

మిగిలినవి అరుదు. ఎనామిల్ మీద డ్యూకో కొడితే రంగు ముడతలు పడుతుంది, గీకి మళ్లీ వేయండి. షాట్ వణుకుతుంటే ఏసీ గాలి ఓడకి తగులుతోందేమో చూడండి. డెకాల్స్ (నీటితో అతికించే బొమ్మల స్టిక్కర్లు) చుట్టూ వెండిలా మెరిస్తే కింద గాలి ఉందని, సూదితో గుచ్చి సెట్టింగ్ ద్రవం రాయండి. ఇవేవీ కాదంటే ఆ 1/1000 వీడియో తీసి నాకు పంపండి, నాబ్ ఎక్కడుందో కూడా రాసి.