సొరకు తప్పుకునే దారి – 3వ పాఠం: గాలం దగ్గరి మూర

ట్యూనా కోసం వేసే లాంగ్‌లైన్‌కు, అంటే వరసగా గాలాలు వేలాడే పొడవాటి తాడుకు, సొరచేపలు చిక్కి చావకుండా చూడటమే ఈ పాఠాల పని. పోయిన పాఠంలో పెద్ద తాడు, ఫ్లోట్లు, కొమ్మ తాళ్ళు కట్టడం నేర్చుకున్నాం. ఈసారి కొమ్మ తాడు చివర, గాలాన్ని పట్టుకుని ఉండే ముక్క మీదే పని. సొర బతికి పోతుందా, చచ్చి బోటెక్కుతుందా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ఒడిశాలోని గంజాం తీరంలో తాబేళ్ళ సంగతి ఎవరికీ కొత్త కాదు. వాటి కోసం రుషికుల్య నది మొగ దగ్గర ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట ఆపుతారు. సొరల గురించి ఎవరూ అంతగా పట్టించుకోరు. తాబేలు ఒక్కసారికి వంద దాకా గుడ్లు పెడుతుంది. పెద్ద కళ్ళు, పొడవాటి తోక ఉండే సొరకు మాత్రం కాన్పుకు మామూలుగా రెండు పిల్లలే. అలాంటిది ఒకటి పోతే ఆ లోటు పూడటానికి ఏళ్ళు పడుతుంది.

ముందు గాలాన్ని పట్టుకునే ఆ ముక్క: ఉక్కు తీగా, నైలానా? ఉక్కు తీగ కడితే సొర కొరికినా తెగదు. నైలాన్ అయితే కొరుక్కుని పోతుంది. గాలాలు పోతాయన్న బెంగ సహజమే. కానీ 2008లో అచ్చయిన ఆస్ట్రేలియా పరిశోధనలో నైలాన్‌కు సొరలు తగ్గి, పెద్దకన్ను ట్యూనా ఎక్కువ పడింది. చేపకు నైలాన్ అంతగా కనబడదు మరి. పోయిన గాలాల ఖర్చు ఆ ట్యూనాతోనే వచ్చేసింది. పడమటి, మధ్య పసిఫిక్ ఉష్ణమండలంలో లాంగ్‌లైన్ బోట్లకు 2024 నుంచి ఉక్కు తీగ నిషేధం. రెక్కల మీద ఆశతో తీగ కట్టేవారికి ఒక మాట: మన దేశం నుంచి సొర రెక్కల ఎగుమతిని 2015లోనే ఆపేశారు.

ఇప్పుడు కట్టి చూడండి. ముడి బిగించే ముందు దాన్ని ఉమ్మితో గానీ నీటితో గానీ తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. కట్టాక కళ్ళు మూసుకుని, ముక్క పొడవునా గోటితో నెమ్మదిగా జారుస్తూ రండి. గరుకు తగిలితే అక్కడ చిన్న గాటు ఉన్నట్టే. ఆ ముక్క పారేయాల్సిందే, మొహమాటం వద్దు.

గాలం విషయానికొస్తే, మొన కాడ వైపు తిరిగిన గుండ్రటి గాలం తీసుకోండి. దీంతో పడే సొరల సంఖ్య తగ్గుతుందని నేను చెప్పను. కానీ అది పొట్టలోకి దిగకుండా ఎక్కువగా దవడ మూలన పట్టుకుంటుంది, అందుకే వదిలాక బతికే అవకాశం ఎక్కువ. స్టెయిన్‌లెస్ రకం వద్దు. మామూలుది సొర నోట్లో ఉండిపోయినా తుప్పు పట్టి రాలిపోతుంది. పట్టినప్పుడు ఒక్కసారిగా గుంజకండి, నిదానంగా లాగితే మొన దానంతటదే తిరిగి గుచ్చుకుంటుంది.

సొర బోటు పక్కకొచ్చాక దాన్ని పైకెత్తకండి. తోక పట్టి వేలాడదీసినా, మొప్పల్లో చెయ్యి పెట్టినా, కొక్కెం గుచ్చినా అది బతకడం కష్టం. నీళ్ళలోనే ఉంచి, పొడవాటి కర్రకు కట్టిన కత్తితో గాలానికి వీలైనంత దగ్గరగా నైలాన్ కోసేయండి. బారెడు తాడు వేలాడుతూ పోతే దానికి ఈదడం కష్టమవుతుంది. నడిసంద్రంలో తిరిగే చాలా సొరలకు ఈదితేనే ఊపిరి.

సాధన: వచ్చే వేటకు ఒక కొమ్మకు తీగ, పక్క కొమ్మకు నైలాన్, ఇలా మార్చి మార్చి కట్టండి. ఏ గాలానికి ఏం పడిందో, ప్రాణంతో వచ్చిందో లేదో నోటు పుస్తకంలో రాయండి. నాలుగో పాఠంలో గాలాల లోతు, తాడు నీళ్ళలో ఉంచే సమయం చూద్దాం. ఆ లెక్కలు అప్పుడు కావాలి.