వారసుడు ఆస్తి వద్దంటే: పంపకానికి ముందు చూసుకోవాల్సినవి

• ముందు ఒకటి తేల్చుకోండి. ఆయన నిజంగా వద్దంటున్నారా, లేక ఉత్తరాలకు జవాబివ్వడం లేదా? మౌనాన్ని నిరాకరణగా లెక్కేసి పంచేయకండి. జర్మనీలో అయితే వద్దని చెప్పడానికి ఉన్న గడువు దాటేదాకా ఊరుకుంటే ఆస్తిని ఒప్పుకున్నట్టే.

• గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. జర్మనీలో మామూలుగా 6 వారాలు, జపాన్‌లో 3 నెలలు. అమెరికా ఫెడరల్ పన్ను నిబంధనల ప్రకారం సాధారణంగా 9 నెలలు.

• ఫోన్‌లో అన్న మాట చాలదు, సంతకంతో కాగితం కావాలి. కొన్నిచోట్ల కోర్టులోనో నోటరీ ముందో చెప్పాలి.

• "నా వాటా చెల్లెలికివ్వండి" అంటే జాగ్రత్త. చాలా చట్టాల్లో అది నిరాకరణ కాదు, తీసుకుని బహుమతిగా ఇచ్చినట్టు. పన్ను పడొచ్చు. అసలైన నిరాకరణలో ఆ వాటా ఎవరికి వెళ్లాలో చట్టమో వీలునామానో చెబుతుంది. చాలాసార్లు ఆయన పిల్లలకే వెళ్తుంది. వాళ్లు మైనర్లయితే కోర్టు అనుమతి అవసరం కావచ్చు. ఈ సంగతి ఆయనకు సంతకానికి ముందే చెప్పండి, తర్వాత వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

• ఈలోగా ఆయన అద్దె వసూలు చేసినా, కారు అమ్మినా వద్దనే హక్కు పోవచ్చు.

• ఆయనకు అప్పులున్నాయా? అప్పులవాళ్లు అడ్డుపడే వీలుందేమో లాయర్‌ని అడగండి.

• జవాబే రాకపోతే రసీదు వచ్చే పద్ధతిలో నోటీసు పంపి, ఆ వాటాను విడి ఖాతాలో ఉంచండి. కోర్టులో జమ చేసే వీలుందేమో కనుక్కోండి. మిగతావాళ్లు తొందరపెడతారు, సహజమే. అయినా అది పంచకండి.