రేడియేటర్ మళ్లీ మళ్లీ పోతోందా? 4వ పాఠం: పగిలిన చోటు చూడండి

పోయిన పాఠంలో ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ దించి, రేడియేటర్ విప్పాం. ఆ పాత రేడియేటర్‌ను అప్పుడే గుజిరీకి వేయకండి. ఈ రోజు పని దాన్ని చూడటంతోనే మొదలు.

అనంతపురం చుట్టుపక్కల చీనీ, టమాటా లోడ్లు తోలే పికప్‌లకు రేడియేటర్ రెండోసారి పోతే 'పార్టు నాసిరకం' అనేస్తారు. ఒక్కోసారి అది నిజమే. కానీ వేర్వేరు కంపెనీలవి రెండూ ఒకే చోట పగిలాయంటే, వాటిని పగలగొడుతున్నది బండిలోనే ఉంది. అది దొరక్కుండా మూడోది కొనడం డబ్బు దండగ. లోడు దారిలో ఆగితే ఆ రోజు మార్కెట్ కూడా పోతుంది.

పైనున్న ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోర్‌ను (మధ్యలో ఉండే సన్నటి ట్యూబుల భాగం) పట్టుకునే అంచు దగ్గర లీకైతే ముందు ప్రెషర్‌ను అనుమానించండి. క్యాప్ మీద 0.9 అనో 1.1 అనో బార్ అంకె ఉంటుంది, అది ప్రెషర్ కొలత. మీ బండికి కంపెనీ చెప్పిన అంకె ఉన్న క్యాప్ కొత్తది వేయండి. తర్వాత హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే పల్చటి పలక చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. బండికి రేడియేటర్ బిగించి, కూలెంట్ నింపాక, పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు చేయి తగలకుండా పై హోస్ పైపు పట్టుకోండి. వేడెక్కేకొద్దీ అది మెల్లగా బిగుసుకోవాలి. ఇంకా చల్లగా ఉండగానే, నిమిషంలోపు రాయిలా గట్టిపడిందంటే సిలిండర్‌లో మండిన గ్యాస్ నీళ్లలోకి వస్తున్నట్టే. షెడ్డులో రంగు మారే ద్రవంతో టెస్టు చేయించి ఖాయం చేసుకోండి. వేడి మీద మాత్రం క్యాప్ తిప్పొద్దు, మొహం కాలిపోతుంది.

హోస్ తగిలించే మెడ దగ్గరో, మూలల్లోనో చీలితే అది అదురుకు పోయింది. కింది రబ్బరు బుష్‌లు ఉన్నాయో లేదో చూడండి. రేడియేటర్ మార్చేటప్పుడు అవి పాత దానితోనే పోవడం మామూలే. ఇంజిన్ మౌంటింగ్ అరిగినా, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా ఇంజిన్ ఎగిరి హోస్‌ను లాగుతుంది.

కోర్ మధ్యలో సూది మొన అంత రంధ్రాలు కనిపిస్తే, కూలెంట్‌లోకి కరెంటు పారి లోహాన్ని తినేస్తోందేమో చూడటానికి మల్టీమీటర్ తీయండి. డీసీ వోల్టులు పెట్టి, నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర వైరు మొన కూలెంట్‌లో, లోహానికి తగలకుండా. 0.3 వోల్టులు దాటితే అనుమానించాలి. లైట్లు, ఏసీ, హారన్ ఒక్కొక్కటే వేసి చూడండి. దేనికి రీడింగ్ ఎగబాకితే దాని ఎర్త్ చెడింది. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ వైరు తుప్పు కూడా గీకి బిగించండి. అన్నీ ఆపేసినా రీడింగ్ తగ్గకపోతే కూలెంట్ పాతబడి ఉండొచ్చు, మార్చండి.

మన బోరు నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ట్యూబుల్లో తెల్లగా పొక్కు కట్టిందంటే అవే కారణం. ఆ పొక్కు ట్యూబులను పూడుస్తుంది, నీళ్లలోని ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. చిక్కటి కూలెంట్‌కు సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. రెడీమిక్స్ అయితే ఏమీ కలపొద్దు.

వచ్చే పాఠానికి ముందు మీ పాత రేడియేటర్ మూతులు మూసి నీళ్ల తొట్టిలో ముంచి, క్యాప్ మీది అంకె దాటకుండా గాలి పట్టండి. బుడగలు వచ్చే చోట మార్కర్‌తో గీత పెట్టి ఫొటో తీసుకోండి. ఆ గీత అంచు దగ్గర పడినవాళ్ల కోసం 5వ పాఠంలో హెడ్ గ్యాస్కెట్ విప్పుదాం.