ప్రైరీ క్లోవర్లలో ఏది ఏదో పోల్చుకోవడం ఎలా?

టెక్సస్‌లో మే నెల చివరికి బ్లూబానెట్లు అనే నీలి అడవిపూలు ఎండి కాయలు కట్టేస్తాయి. ఫొటోల కోసం పిల్లల్ని పూలలో కూర్చోబెట్టే సందడీ ముగిసిపోతుంది. సరిగ్గా అప్పుడే, ఎవరూ పట్టించుకోని ఎండు గడ్డిలో మోకాలెత్తు మొక్కలు ఊదా కంకులు వేయడం మొదలుపెడతాయి. డాలస్‌లో మొదటిసారి చూసినప్పుడు నాకు గునుగు పువ్వే గుర్తొచ్చింది. అదే నిటారు కాడ, అదే కంకి, కిందినుంచి పైకి పూస్తూ పోయే తీరూ అదే. దాని పేరు పర్పుల్ ప్రైరీ క్లోవర్ అని తర్వాత తెలిసింది. ప్రైరీ అంటే అక్కడి విశాలమైన గడ్డిమైదానం. దీనికి తోబుట్టువులు చాలానే ఉన్నాయి. రంగును బట్టి పేరు పెట్టబోయి రెండు వేసవులు ఒక తెల్ల పువ్వును తప్పు పేరుతో పిలిచాను. అందుకే నా పద్ధతిలో రంగు చివర్న వస్తుంది.

పేరుకు క్లోవరే గానీ ఇది అసలు క్లోవర్ కాదు. పచ్చిక బయళ్లలో మూడాకుల గుత్తితో కనిపించే క్లోవర్ వేరే ప్రజాతి. ఇది కూడా చిక్కుడు కుటుంబానిదే అయినా, దీని ప్రజాతి పేరు డేలియా. మన తోటల్లో పూసే డాలియాకూ దీనికీ చుట్టరికం లేదు. శామ్యూల్ డేల్ అనే ఇంగ్లిషు వైద్యుడి పేరు మీద పెట్టిన పేరిది. ఈ ప్రజాతికి పుట్టిల్లు అమెరికా ఖండాలే. పాత పుస్తకాలు తిరగేస్తే ప్రైరీ క్లోవర్లన్నీ పెటలోస్టెమన్ అనే పేరు కింద కనిపిస్తాయి. 1977లో రూపర్ట్ బార్నెబీ అనే వృక్షశాస్త్రవేత్త వాటిని డేలియాలో కలిపేశాడు. రెండు పేర్లు కనబడితే రెండు మొక్కలనుకోకండి.

ముందు ఇంటిపేరు తేల్చుకోండి

ఒక ఆకును తుంచకుండానే వెనక్కి తిప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. సన్నని చుక్కలు కనిపించాలి. అవి నూనె గ్రంథులు. బావంచి ఆకు మీద నల్లచుక్కలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు, అదీ ఈ కుటుంబానిదే. వేళ్లతో నెమ్మదిగా నలిపితే వాసన వస్తుంది. ఆకు అమరిక కరివేపాకు రెమ్మలా ఉండాలి: ఈనెకు రెండు వైపులా చిట్టి ఆకులు, చివర ఒంటిగా ఒకటి. చుక్కలూ ఈ అమరికా రెండూ ఉంటేనే ముందుకు వెళ్లండి.

ఇక్కడ ఒక మోసగాడున్నాడు, లెడ్ ప్లాంట్. కాన్సాస్ ఫ్లింట్ హిల్స్‌లో రెండూ పక్కపక్కనే పూస్తాయి. ఊదా కంకులు, నారింజ రంగు పుప్పొడి చూసి చాలామంది పొరబడతారు. అయితే దాని కాండం కర్రబారి ఉంటుంది, మొక్కంతా బూడిద పూసినట్టుంటుంది. ఒక్కో రెమ్మకు చిట్టి ఆకులు పదిహేను నుంచి యాభై దాకా ఉంటాయి.

చిట్టి ఆకులు లెక్కపెట్టండి

నా దృష్టిలో సగం పని ఇక్కడే అయిపోతుంది. కాండం మధ్యభాగంలో బాగా ఎదిగిన రెమ్మను ఎంచుకోండి. కంకి దగ్గరి ఆకులు చిన్నవి, వాటిని నమ్మలేం. పర్పుల్‌లో ఇంకో చిక్కుంది. ఆకు మొదట్లో, కాండాన్ని అంటుకుని, మరికొన్ని బుల్లి ఆకులు గుత్తిగా పుడతాయి. వాటిని కలిపి లెక్కిస్తే అంకె తప్పుతుంది.

పర్పుల్‌కు చిట్టి ఆకులు మూడు నుంచి ఏడు, ఎక్కువగా ఐదు. సన్నగా దారపు ముక్కల్లా ఉంటాయి, వెడల్పు రెండు మిల్లీమీటర్లు దాటడం అరుదు. వైట్ ప్రైరీ క్లోవర్‌కు ఐదు నుంచి తొమ్మిది. అవి స్పష్టంగా వెడల్పు, కోలగా ఉంటాయి. పువ్వు లేకపోయినా ఈ రెంటినీ ఆకుతోనే విడదీయవచ్చు. సిల్కీ ప్రైరీ క్లోవర్‌కు లెక్క పది దాటిపోతుంది. టెన్నెసీ, అలబామా, ఇల్లినాయ్ రాష్ట్రాల సున్నపురాతి నేలల్లో కొద్దిచోట్లే మిగిలిన లీఫీ ప్రైరీ క్లోవర్‌కు ఇరవై దాటడం మామూలే. 1991 నుంచి అది అమెరికా ప్రభుత్వపు అంతరించిపోతున్న మొక్కల జాబితాలో ఉంది. ఎదురైతే చూసి, ఫొటో తీసుకుని, అక్కడి గడ్డి తొక్కకుండా బయటికి రండి.

నూగు చూడండి

పదిరెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఉంటే మంచిది, లేదంటే ఫోన్ కెమెరాలో మాక్రో చాలు. చూడాల్సింది రేకులను కాదు, పువ్వు అడుగున ఉండే గిన్నెను. పర్పుల్ కంకిలో ఈ గిన్నెల మీద నూగు దట్టంగా ఉంటుంది. అందుకే పూలు రాలిన కంకి కూడా బూడిద రంగు బొచ్చుతో కనిపిస్తుంది. వైట్‌లో గిన్నె నున్నగా, లేదా దాదాపు నున్నగా ఉంటుంది. పర్పుల్‌లో ఎప్పుడైనా తెల్ల పూల మొక్క పుట్టుకొచ్చినా ఈ నూగు దాన్ని పట్టిస్తుంది.

నూగు గిన్నెతో ఆగకుండా ఆకులకూ కాండానికీ పాకి, మొక్కంతా వెండి పట్టు కప్పుకున్నట్టుంటే, పూలు లేత గులాబి లేదా ఊదా అయితే, అది సిల్కీ. పట్టులాంటి నూగే ఉండి, పూలు పసుపుపచ్చగా, చిట్టి ఆకులు ఐదు చొప్పున, కంకి లావుగా ఉంటే గోల్డెన్ ప్రైరీ క్లోవర్. ఈ గుంపులో రంగు చూసి ధైర్యంగా పేరు చెప్పగలిగేది నాకైతే గోల్డెన్ ఒక్కటే.

కంకి ఆకారం

నేను రెండేళ్లు తప్పిందిక్కడే. వైట్ కంకి ముదిరేకొద్దీ సజ్జకంకిలా పొడుగవుతుంది. రౌండ్‌హెడ్ ప్రైరీ క్లోవర్ కూడా తెల్లదే, కానీ దాని కంకి గోలీలా గుండ్రంగానే ఉండిపోతుంది. లేతగా ఉన్నప్పుడు వైట్ కంకి కూడా పొట్టిగా గుండ్రంగానే కనిపిస్తుంది, అదీ గొడవ. కాబట్టి ఒక్క కంకి చూసి తీర్పు చెప్పకండి. పూత కింది భాగంలో అయిపోయి పైకి చేరిన కంకిని వెతకండి. మొదలు కూడా చూడండి: రౌండ్‌హెడ్‌కు ఒకే మొదలు నుంచి కాడలు చాలా లేచి చిన్న పొదలా కనిపిస్తుంది.

కంకిలో పూలు ఒత్తుగా కాకుండా ఎడంఎడంగా ఉండి, మొక్క నడుమెత్తు పెరిగి పైన మాత్రమే కొమ్మలు వేస్తే, అది నైన్-యాంథర్ డేలియా కావచ్చు. దాని గిన్నె అంచున ఉండే పళ్లు చిన్న ఈకల్లా ఉంటాయి. పేరులోనే తొమ్మిది ఉంది కాబట్టి కేసరాలు లెక్కపెట్టండి, తొమ్మిది ఉండాలి. పర్పుల్, వైట్, రౌండ్‌హెడ్, సిల్కీలకు ఐదే. వీటిలో రేకులుగా కనిపించే ఐదింటిలో నాలుగు కేసరాల గొట్టం మీదనుంచే మొలుస్తాయి. పెటలోస్టెమన్ అన్న పాత పేరు దాన్నుంచే వచ్చింది, రేకూ కేసరమూ కలిసినది అని.

నేల ఏం చెబుతుంది

ఇసుక దిబ్బల మీదైతే, ముఖ్యంగా నెబ్రాస్కా శాండ్‌హిల్స్ వైపు, ముందు సిల్కీని అనుమానించండి. టెక్సస్, ఓక్లహోమాల్లో సున్నపురాయి తేలిన పలచటి నేలల్లో రౌండ్‌హెడ్ ఎక్కువ. పర్పుల్‌కు పట్టింపులు తక్కువ. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి వాన వెనకపట్టినా తట్టుకుంటుంది. కాడలు ఎంత గట్టివంటే అమెరికా ఆదివాసుల్లో పానీ తెగవాళ్లు వీటిని కట్టగట్టి చీపుర్లుగా వాడేవాళ్లు. వాళ్ల భాషలో దీని పేరుకు అర్థమే చీపురు మొక్క.

కొత్తగా వేసిన పార్కులో, రోడ్డు పక్కన, అపార్టుమెంట్ల ముందు మాత్రం నేలను సాక్ష్యంగా తీసుకోకండి. పర్పుల్, వైట్ విత్తనాలు ప్రైరీ పూల మిశ్రమాల్లో అమ్ముతారు, ఎక్కడ చల్లితే అక్కడ మొలుస్తాయి. పార్కుల్లో తుంచడం కూడా చాలాచోట్ల నిషేధం. కాబట్టి మొక్క మొత్తం, మధ్య రెమ్మ, ఆకు వెనకవైపు, గిన్నె దగ్గరగా, ముదిరిన కంకి పక్కనుంచి, ఇలా ఐదు ఫొటోలు తీసుకుని ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకోండి. పూల రేకులను మాత్రమే దగ్గరగా తీసిన అందమైన ఫొటోలు నా ఫోన్‌లో నలభై దాకా ఉన్నాయి. అందులో సగానికి ఇప్పటికీ పేరు పెట్టలేకపోయాను.