మహమ్మారి వేళ అమెరికాలో వీసా మీద ఉన్నవారు చేసుకోవలసిన పనులు

కోవిడ్ వ్యాపించిన 2020 మార్చిలో అయిదు రోజుల వ్యవధిలో మూడు తలుపులు మూసుకుపోయాయి. 18వ తేదీన అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ తన కార్యాలయాల్లో ముఖాముఖి సేవలను నిలిపివేసింది. 20న ప్రపంచమంతటా అమెరికా కాన్సులేట్లు మామూలు వీసా పనులను ఆపేశాయి. 22 నుంచి భారతదేశం అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలను దిగనివ్వలేదు. హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నవారు, ఎఫ్-1 మీద చదువుకుంటున్నవారు, కూతురికి పురుడు పోయడానికి వచ్చిన తల్లులు, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ కోసం పది రోజుల సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లినవారు ఎక్కడివారక్కడే చిక్కుకున్నారు. దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-94 పత్రం మీద ఉన్న గడువు తేదీలు మాత్రం కదలకుండా అలాగే ఉన్నాయి. యూఎస్‌సీఐఎస్ తాను పంపిన నోటీసులకు జవాబు చెప్పుకోవడానికి 60 రోజుల అదనపు వ్యవధి ఇచ్చిందే తప్ప, దేశంలో ఉండే గడువును ఎవరికీ దానంతట అదే పొడిగించలేదు. మళ్లీ అటువంటి కాలం వస్తే ఏ పని ముందు చేసుకోవాలో, ఆ రెండేళ్లు గడిపిన అనుభవంతో ఇక్కడ రాస్తున్నాను. నేను అటార్నీని కాను. నిబంధనలు మారుతుంటాయి కనుక కాగితం దాఖలు చేసే ముందు ఇమిగ్రేషన్ అటార్నీని తప్పక సంప్రదించాలి.

తేదీల పట్టిక

పాస్‌పోర్టులోని వీసా స్టాంపు దేశంలోకి రావడానికి పనికివస్తుంది. ఎంతకాలం ఉండవచ్చో చెప్పేది ఐ-94. అమెరికాలో ఉండగా స్టాంపు గడువు తీరితే దోషం లేదు, ఐ-94 గడువు తీరితే ఉంది. పొడిగింపు కోరకుండా ఆ గడువు మీద 180 రోజులకు మించి ఉండి వెళ్లిపోయినవారికి మూడేళ్లు, ఏడాది లేదా అంతకుమించి ఉన్నవారికి పదేళ్లు తిరిగి రావడానికి నిషేధం పడుతుంది. చాలామంది గమనించని ఇంకొక చిక్కు పాస్‌పోర్టుది. దాని గడువు వీసా అనుమతి కంటే ముందే తీరేటట్లయితే, విమానాశ్రయంలో అధికారి ఐ-94ను పాస్‌పోర్టు గడువు వరకే ఇవ్వవచ్చు. హెచ్-1బి ఆమోద పత్రంలో మూడేళ్లు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉన్న కుటుంబంలో తల్లికీ బిడ్డకూ వేర్వేరు తేదీలు ఉండటం అరుదేమీ కాదు. కాబట్టి దేశంలోకి వచ్చిన ప్రతిసారీ సరిహద్దు శాఖ వెబ్‌సైటు నుంచి ఇంటిల్లిపాది ఐ-94లను దించుకుని, పాస్‌పోర్టు, ఆమోద పత్రం, డ్రైవింగ్ లైసెన్సు గడువులతో కలిపి ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు గడువును కూడా దేశంలో ఉండే గడువుకే ముడివేస్తారు.

హెచ్-1బి పొడిగింపును గడువుకు ఆరు నెలల ముందు నుంచే దాఖలు చేయవచ్చు. గడువులోపల దాఖలైతే, నిర్ణయం రాకపోయినా అదే సంస్థలో 240 రోజుల వరకు పని కొనసాగించవచ్చు. మామూలు రోజుల్లో ఆఖరి నెల వరకు ఆగే కంపెనీలు ఉంటాయి. మహమ్మారి రోజుల్లో మాత్రం ఆ ఆరు నెలల్లో మొదటి వారంలోనే హెచ్ఆర్‌ను అడగాలి, అడిగినట్లు ఈమెయిల్ ఉండాలి.

ఇంటి నుంచి పని చేయమన్నారు కదా అని అద్దె తక్కువున్న మరో ఊరికి మకాం మార్చినవారు ఆ రోజుల్లో చాలామంది. హెచ్-1బి అనుమతి పని చేసే ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. నగరమూ శివార్లూ కలిసిన అదే మెట్రో పరిధిలో ఇల్లు మారితే పెద్ద ఇబ్బంది లేదు గానీ, ఆ పరిధి దాటితే కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. ఈ విషయాన్ని మేనేజరుకు చెప్పి సరిపెట్టుకోకుండా, అటార్నీకి కూడా తెలియజేయండి.

అమ్మానాన్నల గడువు, మందులు

బి-2 సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల పాస్‌పోర్టులో పదేళ్ల స్టాంపు ఉన్నా, ఐ-94 సాధారణంగా ఆరు నెలలకే ఇస్తారు. విమానాలు లేవన్న సంగతి లోకమంతటికీ తెలిసినా, దరఖాస్తు పెట్టకపోతే ఆ కారణం వారి పేరు మీద నమోదు కాదు. గడువుకు కనీసం నెలన్నర ముందు పొడిగింపు కోరే ఐ-539 దరఖాస్తు వేసి, రద్దయిన టికెట్టు, విమాన సంస్థ పంపిన సందేశం, పోషణ భారం మీదేనని చూపే బ్యాంకు పత్రాలు, ఆరోగ్య కారణం ఉంటే వైద్యుడి లేఖ జతచేయాలి. గడువులోపల సక్రమంగా వేసిన దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం, పైన చెప్పిన 180 రోజుల లెక్క మొదలు కాదు. రసీదు వచ్చిన రోజున దాన్ని ఫొటో తీసి అమ్మ ఫోనులో కూడా పెట్టండి.

మందుల విషయం వీసా కంటే ముందే తరుముకొస్తుంది. ఆరు నెలలకని తెచ్చుకున్న బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు ఏడో నెలలో అయిపోతాయి, ఇండియా నుంచి వచ్చే పార్సిళ్లు ఆగిపోతాయి. మందు స్ట్రిప్పు మీద ఉండే కంపెనీ పేరు అమెరికా ఫార్మసీలో ఎవరికీ తెలియదు కాబట్టి, లోపలి మందు పేరు, మోతాదు రాసుకోవాలి: గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, థైరోనార్మ్ అంటే లెవోథైరాక్సిన్. మనం పారాసిటమాల్ అనేదాన్ని అక్కడ అసిటమినోఫెన్ అంటారు. మాత్రలు రెండు నెలలకు సరిపడా మిగిలి ఉన్నప్పుడే స్థానిక వైద్యుడికి చూపించి ప్రిస్క్రిప్షన్ రాయించుకుంటే, ఈ రకం పాత మందుల జెనెరిక్‌లు భీమా లేకపోయినా మరీ భరించలేని ధరలో ఉండవు.

విజిటర్ ఇన్సూరెన్సు కొనేటప్పుడు ప్రీమియం చూసే ముందు మూడు సంగతులు చదవండి: మహమ్మారి జబ్బులకు మినహాయింపు పెట్టారా, ముందే ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే చెల్లిస్తారా, మధ్యలో పొడిగించుకోవడానికి వీలుందా. పాలసీ ఉన్నా లేకపోయినా, ఊపిరి ఆడనప్పుడు బిల్లుకు భయపడి ఇంట్లో ఉండిపోకూడదు. మా అమ్మ ఆక్సిమీటరులో 91 చూసి కూడా, "మీకు అప్పు చేసిపెట్టి పోతానా?" అని ఒక పూట మొండికేసింది. 1986 నాటి చట్టం ప్రకారం అమెరికాలో దాదాపు ప్రతి ఆసుపత్రి అత్యవసర విభాగమూ రోగి వీసానూ భీమానూ లెక్కచేయకుండా పరీక్షించి, ప్రమాదం నుంచి గట్టెక్కించవలసిందే. బిల్లు వచ్చాక పద్దులవారీగా వివరాలు అడిగి, లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే ఆర్థిక సహాయ దరఖాస్తు ఇమ్మని అడగాలి. అటువంటి విధానం ఉంచుకోవడం ఆ ఆసుపత్రులకు తప్పనిసరి. కోవిడ్ పరీక్ష, చికిత్స, టీకా తీసుకున్నంత మాత్రాన గ్రీన్‌కార్డు దరఖాస్తుకు చెరుపు జరగదని యూఎస్‌సీఐఎస్ 2020 మార్చిలోనే చెప్పింది. ఆ మాట అందక భయపడి పరీక్షకు కూడా వెళ్లనివారు మనలో ఉన్నారు.

ఉద్యోగం పోతే

హెచ్-1బి ఉద్యోగం పోయినవారికి 60 రోజుల వరకు, లేదా ఐ-94 గడువు అంతకు ముందే ఉంటే అప్పటివరకు మాత్రమే వెసులుబాటు ఉంటుంది. ఆలోగా కొత్త సంస్థ పిటిషన్ దాఖలు కావాలి, లేదా జీవిత భాగస్వామి హెచ్-1బి మీద ఉంటే వారి మీద ఆధారపడిన హెచ్-4 వీసాకు, అదీ కుదరకపోతే బి-2కు మార్పు కోరాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. మొదటి నెల ఉద్యోగాల వేటకు, రెండో నెల మొదటి వారం దరఖాస్తుకు అని ముందే గీత గీసుకోండి. యాభై అయిదో రోజున అటార్నీ దొరకడం కష్టం. ప్రాజెక్టు లేదని జీతం ఆపి బెంచి మీద కూర్చోబెట్టడం హెచ్-1బి నిబంధనలకు విరుద్ధం. గడువుకు ముందే ఉద్యోగం తీసేసిన యజమాని స్వదేశానికి తిరుగు ప్రయాణపు ఖర్చు భరించాలన్నది కూడా నిబంధనల్లో ఉంది. ఎఫ్-1 చదువు తరువాత ఉద్యోగానుభవానికి ఇచ్చే ఓపీటీ అనుమతి మీద, స్టెమ్ పొడిగింపు లేకుండా ఉన్నవారికి మొత్తం మీద 90 రోజుల నిరుద్యోగమే అనుమతి.

ఆరోగ్య భీమా ఉద్యోగంతో పాటే పోతుంది. ఇరవైమంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థల్లో కోబ్రా అనే చట్టం కింద అదే భీమాను పూర్తి ప్రీమియం కట్టి కొనసాగించుకోవచ్చు. ఎంచుకోవడానికి 60 రోజుల వ్యవధి ఉంటుంది, ఎంచుకుంటే పాత తేదీ నుంచే వర్తిస్తుంది. అందువల్ల డబ్బు కటకటగా ఉన్నవారు నోటీసును భద్రంగా ఉంచుకుని, ఇంట్లో ఎవరైనా జబ్బు పడితే అప్పుడు కట్టవచ్చు.

ఇండియాకు బయలుదేరే ముందు

అన్నింటికంటే కష్టమైన నిర్ణయం ఇది. అక్కడ నాన్నకు బాగాలేదని ఫోను వస్తుంది, ఇక్కడ స్టాంపు గడువు తీరి ఉంటుంది. 2020 జూన్ 22న వచ్చిన అధ్యక్ష ప్రకటన హెచ్-1బి, హెచ్-4, కంపెనీ బదిలీల మీద ఇచ్చే ఎల్-1 వంటి వీసాలను తొలుత ఆ ఏడాది చివరి వరకు నిలిపి, తరువాత 2021 మార్చి 31 వరకు పొడిగించింది. అయితే 24వ తేదీన దేశం లోపల ఉన్నవారికి గానీ, బయట ఉన్నా చెల్లుబాటయ్యే స్టాంపు చేతిలో ఉన్నవారికి గానీ అది వర్తించలేదు. ఒకే వీధిలో ఉండే ఇద్దరు స్నేహితుల్లో స్టాంపు బతికున్నవాడు జూలైలో తిరిగి వస్తే, మే నెలలో గడువు తీరినవాడు నెలల తరబడి అమీర్‌పేటలోనే ఉండిపోయాడు. ఆగస్టులో వచ్చిన మినహాయింపుల ప్రకారం అదే యజమాని దగ్గర అదే ఉద్యోగానికి తిరిగి వెళ్లేవారికి దారి కొంత తెరుచుకుంది గానీ, కాన్సులేటులో అపాయింట్‌మెంటు దొరకడం వేరే యుద్ధం.

2021లో పరిస్థితి వేరు. రెండో ఉధృతిలో తల్లిదండ్రులను చూసుకోవడానికి ఏప్రిల్‌లో వెళ్లినవారికి మే 4 నుంచి ఇండియా మీద ప్రయాణ నిషేధం అడ్డుపడింది. స్టాంపు ఉన్నా, గత 14 రోజుల్లో ఇండియాలో ఉన్నవారిని రానివ్వలేదు. అమెరికా పౌరసత్వం ఉన్న మైనర్ బిడ్డ తల్లిదండ్రులకు మినహాయింపు ఉండటంతో కొందరు బయటపడ్డారు. మరికొందరు మెక్సికో వంటి దేశాల్లో రెండు వారాలు గడిపి వచ్చారు. అంతకుముందు ఏడాది బిడ్డ పాస్‌పోర్టే అడ్డమయింది. 2020 మే 7న, చిక్కుకున్నవారిని ఇండియాకు చేర్చే వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు మీద వీసా లేకుండా వెళ్లే సౌకర్యాన్ని మార్చిలోనే నిలిపివేసి ఉన్నందున, భారత పాస్‌పోర్టున్న తల్లిదండ్రులు ఎక్కగలిగిన విమానం అమెరికాలో పుట్టిన పసివాడు ఎక్కలేకపోయాడు. మే 22న ఆ నిబంధనను సడలించారు. ఏ కాగితం ఎప్పుడు అక్కరకొస్తుందో ముందే చెప్పలేము కనుక బిడ్డకు ఓసీఐ, పాస్‌పోర్టు రెండూ తాజాగా ఉంచండి.

టీకా పత్రమూ అంతే. హైదరాబాద్‌లోనే తయారైన కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర గుర్తింపు 2021 నవంబర్ 3న గానీ రాలేదు. అయిదు రోజుల తరువాత, 8వ తేదీ నుంచి అమెరికా విదేశీ ప్రయాణికులకు గుర్తింపు ఉన్న టీకాను తప్పనిసరి చేసింది. వేయించుకునే రోజునే ఏ దేశాలు దాన్ని ఒప్పుకుంటాయో అడగాలి, పత్రంలో పేరూ పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండేలా చూసుకోవాలి.

కాబట్టి టికెట్టు కొనే ముందు భార్యాభర్తలు కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి: ఏడాది పాటు తిరిగి రాలేకపోతే అద్దె ఎవరు కడతారు, బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, కంపెనీ ఇండియా నుంచి పని చేయనిస్తుందా, ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు నిండితే అక్కడ పన్ను సంగతేమిటి. నా అభిప్రాయం అడిగితే, ప్రాణం ఉన్న మనిషిని చూడటానికైతే నష్టానికి సిద్ధపడి వెళ్లాలి. ప్రాణం పోయిందని తెలిశాక, క్వారంటైన్ ముగిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయే పరిస్థితిలో, ఒంటరి అయిన తల్లికి ఎప్పుడు అండగా ఉండగలమో లెక్కవేసుకుని వెళ్లడం మేలు. తలకొరివి తమ్ముడు పెట్టాడని, పినతండ్రి కొడుకు పెట్టాడని ఆ రెండేళ్లలో ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు. బ్యాంకు, భూమి కాగితాల కోసం కాన్సులేటులో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపితే చాలా పనులు ఆగకుండా జరుగుతాయి.

దూరంగా ఉన్న ఇద్దరు, ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు

నిశ్చితార్థమై పెళ్లి వాయిదా పడినవారు, పెళ్లయినా హెచ్-4 రాక పుట్టింట్లోనే ఉండిపోయిన అమ్మాయిలు ఆ రోజుల్లో తక్కువమంది కాదు. పెళ్లయిన వెంటనే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ చేయించుకుంటే, కాన్సులేటు తెరిచిన రోజున పత్రం కోసం వెతుక్కోనక్కరలేదు. వేసవిలో డల్లాస్‌లో రాత్రి తొమ్మిదంటే హైదరాబాద్‌లో మర్నాడు ఉదయం ఏడున్నర. ఒకరు అలసిపోయిన వేళ మరొకరికి పనుల తొందర మొదలవుతుంది. రోజూ అరగంట పలకరింపు కంటే, వారానికి రెండుసార్లు ఇద్దరికీ తీరికున్న గంట ఎక్కువ మేలు చేస్తుంది. వీసా కబుర్లకు వేరే వేళ పెట్టుకోండి, లేకపోతే ప్రతి ఫోనూ ఇమిగ్రేషన్ సమీక్షగా మారుతుంది.

ఒకే ఇంట్లో చిక్కుకున్నవారిలో కొందరి కష్టం వేరే రకం. భర్త ఉద్యోగం పోతే హెచ్-4 హోదా కూడా పోతుందన్న భయాన్ని అడ్డం పెట్టుకుని భార్యను హింసించేవారు ఉన్నారు. ప్రాణభయం ఉంటే 911కు ఫోను చేయడానికి వీసాతో సంబంధం లేదు. వేధింపులకు గురైన హెచ్-4 భాగస్వామి విడిగా పని అనుమతి కోరడానికి చట్టం వీలు కల్పిస్తుంది. న్యూజెర్సీలో 1985 నుంచి ఉన్న మానవి, న్యూయార్క్‌లోని సఖి, హ్యూస్టన్‌లోని దయ వంటి సంస్థలు దక్షిణాసియా మహిళల కోసం పనిచేస్తున్నాయి. భారత కాన్సులేటుకు, భారత ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన మదద్ పోర్టల్ ద్వారా కూడా ఫిర్యాదు పంపవచ్చు. అటువంటి ఇంట్లో ఉన్నవారు ముందుగా తమ పాస్‌పోర్టు, ఐ-94, పెళ్లి పత్రం, బిడ్డ జనన పత్రం ఫొటోలు తీసి, భర్తకు పాస్‌వర్డ్ తెలియని ఈమెయిల్‌కు పంపుకుని, ఒక ప్రతిని పుట్టింట్లో నమ్మకమైనవారి దగ్గర ఉంచాలి.